తాళం వేయాలని, తాళం వేసినట్టు

మంగళవారం ఏడింటికి
స్టోర్నొవే లైబ్రరీ పైగదిలో
హీటర్ వేడెక్కేలోపు నలుగురొస్తారు.
కోట్లు విప్పరు.
బోర్డు మీద ఒక్క మాట రాస్తాను: రిమెంబర్.
ముప్ఫయ్యేళ్లు పోస్టాఫీసులో ముద్రలు కొట్టిన చెయ్యి,
అక్షరాల్నీ కొట్టినట్టే రాస్తుంది.

"తెలుసు, తెలుసు" అంటాడు అర్నెల్,
రొయ్యల పడవ దిగి తిన్నగా వచ్చినవాడు.
"మర్చిపోకపోవడం."
అంతేనా?
అంతే అయితే నేనెందుకు, మీకీ చలెందుకు?

రేవు దగ్గర ఎవరైనా మీతో
"మీ అమ్మకి నన్ను రిమెంబర్ చెయ్యి" అంటే
కంగారు పడకండి.
ఆవిడకి మతిమరుపని కాదు.
అడిగానని చెప్పు, అంతే.

మా మర్డో మామయ్య పోతూ పోతూ
వీలునామాలో నన్ను రిమెంబర్ చేశాడు.
అంటే
పీట్ మట్టి కోసే పార ఒకటి,
కుంటి గొర్రె ఒకటి.
బతికున్నన్నాళ్లూ నన్ను మా అక్క పేరుతో పిలిచిన మనిషి,
కాగితం మీద మాత్రం తడబడలేదు.

కొండ మీద యుద్ధపు రాయి ఉంది కదా,
దాని మీదా ఇదే మాట. ఒంటరిగా.
"ఎవర్ని?" అంది లమీస్.
క్రియ ఉంది, కర్త లేడు, కర్మ లేదు,
వాక్యమెలా అయింది?
కింద పేర్లున్నాయి, చదువుకో అన్నాను.
చదివిందట, అన్నీ, వానలో.
"మా ఊళ్లో రాయి చెక్కేవాళ్లు
ఇంకా తిరిగి రాలేదు" అంది.
నోట్సులోకి తల వంచేసింది.

సరే, అసలు పాఠం. తాళం.
ఒకటే క్రియ, వెనక తోక మారుతుంది.
ఒక తోకతో: తాళం వేయాలని గుర్తు.
ఇంకో తోకతో: తాళం వేసినట్టు గుర్తు.
మొదటిదాంట్లో చెయ్యి ఇంకా తలుపు దాకా పోలేదు.
రెండోదాంట్లో పోయొచ్చేసింది,
తాళంచెవి జేబులో చల్లగా తగులుతోంది.
తేడా తెలిసిందా?
తెలిసిందన్నారు. ఎప్పుడూ తెలిసిందనే అంటారు.

ఘస్సాన్ హోంవర్కు తెచ్చాడు,
హోమ్స్‌లో కుట్టుమిషన్లు బాగుచేసినవాడు,
గీత గీసినట్టుంటుంది దస్తూరీ.
"రోజూ రాత్రి పదింటికి
మా ఇంటి తలుపుకి తాళం వేయాలని నాకు గుర్తొస్తుంది."
ఎర్ర ఇంకుతో కొట్టేశాను. *వేసినట్టు.*
ఆ ఇల్లు వదిలి పన్నెండేళ్లయింది కదా,
అయిపోయినదానికి ఈ తోక తగిలించాలి.

"లేదు, మిసెస్ మక్‌ఐవర్" అన్నాడు నిదానంగా,
ఒక్కో మాటా సూదిలోకి దారం ఎక్కించినట్టు.
"ఆ రోజు వేయలేదు. తీరిక లేదు.
తర్వాత తలుపు లేదు. గోడ కూడా లేదంట.
అయినా పదవుతుంది.
లేచి నిలబడతాను.
వేయాలని."

అర్నెల్ చేతిలో పెన్ను మూత ఆగిపోయింది.
హీటర్ టిక్కుటిక్కుమంది.
నా వ్యాకరణం పుస్తకంలో నూటపద్నాలుగో పేజీ,
ఒక్క ఉదాహరణా సాయానికి రాలేదు.
ఎర్ర ఇంకు చెరగదు.
దాని మీదే రైటు మార్కు కొట్టాను,
పార్సిలు మీద ముద్రలా,
కింది రెండు కాగితాల్లోకి దిగింది.

మా నాయనమ్మ గేలిక్‌లో అనేది:
"హా కుయిన్యె అకమ్."
జ్ఞాపకం నా దగ్గరుంది.
ఉప్పుడబ్బా నా దగ్గరుంది అన్నట్టు,
పక్కింటివాళ్లొచ్చి అడిగితే
ఓ పిడికెడు ఇస్తానన్నట్టు.
అది చెబుదామనుకున్నాను. టైమైపోయింది.
లైబ్రరీ కుర్రాడు దీపాలార్పుతున్నాడు.

మా వైపు తలుపులకి తాళాలు వేయం.
ఇక్కడ దొంగంటే గాలే,
దానికి మూసిందీ తెరిచిందీ ఒకటే.
టీ తాగాను. వార్తలు విన్నాను.
పదయింది.
ఎందుకో లేచి నిలబడ్డాను.

సొరుగులన్నీ లాగాను,
గుండీల డబ్బా గుమ్మరించాను,
మర్డో పార తగిలించిన మేకు కూడా తడిమాను.
తాళంచెవి ఎక్కడా లేదు.
ఎక్కడన్నా పెట్టినట్టు గుర్తూ లేదు.

కిటికీ బయట
గొర్రె ఒకసారి దగ్గింది.